వియ్యపురాలి జవాబు

బడి వరండాలో పిల్లలు తినడం అయిపోయింది. కంచాలు కడగడానికి ఒక్కొక్కరే లేస్తున్నారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి మెతుకు లేకుండా ఊడ్చిన కంచాన్ని పైకెత్తి, మెడ ఓ పక్కకు వాల్చి, పెదవి విరిచి, "ఉప్పు లేదు" అంది. వరండా అంతా గొల్లున నవ్వింది.

యశోద గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఆ గూడెం బడిలో ఆమె తన కొడుకు చదువుకునే రోజుల నుంచీ వంట చేస్తోంది. ఆమె చేతి పప్పుచారు కోసం పక్క బడి టీచర్లు కూడా గిన్నెలు తెచ్చుకునేవాళ్లు. అడుగున మిగిలిన చారు నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. తనతో కలిసి వండే పుల్లమ్మను పిలిచి రుచి చూడమంది. ఏ మాటా కడుపులో దాచుకోలేని పుల్లమ్మ ఆ రోజు మాత్రం "బాగనే ఉంది" అని మొహం తిప్పుకుని కట్టెలు సర్దుతూ కూర్చుంది.

మర్నాడు పిల్లలు మళ్లీ అదే మాట అన్నారు. ఆ మర్నాడు హెడ్మాస్టరు కూడా, గుడ్డుకూర తృప్తిగా తిని మూతి తుడుచుకుంటూ "ఉప్పు..." అని మొదలుపెట్టి, యశోద మొహం చూసి, దగ్గు తెచ్చుకుని గదిలోకి వెళ్లిపోయాడు. యశోద గంగాళం కింద పెట్టి పుల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందే ఇది? నా వెనక ఏం నడుస్తుంది?"

"నీకు నిజంగ తెల్వదా అక్కా? ఊరంతా చూసిండ్రు. నువ్వు తెలిసే ఊకున్నవనుకున్న" అంటూ పుల్లమ్మ కొంగుముడిలోంచి ఫోను తీసింది.

తెర మీద ముందుగా ఓ కోడిపులుసు గిన్నె కనబడింది. తర్వాత పందిరి, పందిరి కింద తన వియ్యపురాలు జంపక్క. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు తిప్పుతూ పాడుతోంది.

*ఆటో దిగి వచ్చెనమ్మ వియ్యపురాలు*
*అద్దమేదని అడిగెనమ్మ వియ్యపురాలు*
*ఒక్క ముద్ద చాలన్నది వియ్యపురాలు*
*మూడుసార్లు పెట్టించె వియ్యపురాలు*
*గిన్నె అడుగు నాకినంక వియ్యపురాలు*
*ఉప్పు లేదు అన్నదమ్మ వియ్యపురాలు*

చివరి మాట దగ్గర బొమ్మ ఎగిరి యశోద మొహం మీద వాలింది. వేళ్లకు పులుసు, నోటినిండా ముద్ద, బిత్తరచూపు. అక్కడితో అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి కోడిపులుసు గిన్నె.

"ఇంకా ఉన్నయి చూడు" అని పుల్లమ్మ వేలితో జరిపింది. ఎవరో కాలేజీ పిల్లలు బిర్యానీ ఖాళీ చేసి, అదే పాటకు మెడ వాల్చి, ఉప్పు లేదంటున్నారు. ఒక పెళ్లికొడుకు పెళ్లిపీటల మీద అంటున్నాడు. బట్టతల పెద్దమనిషి ఒకాయన ఆఫీసు కుర్చీలో కూర్చుని, టిఫిన్ డబ్బా బోర్లించి అంటున్నాడు. ఎన్ని జరిపినా ఇంకొకటి వస్తూనే ఉంది. అందరి వెనకా జంపక్క గొంతే.

ఇదంతా జరిగింది ఎండాకాలంలో, చర్ల దాటి లోపల ఉన్న జంపక్క గూడెంలో. యశోద కొడుకు వెంకటేశ్వరరావుకు జంపక్క కూతురు సారమ్మను చేసుకున్నారు. పిల్లను తెచ్చుకోవడానికి చుట్టాలందరూ కలిసి వెళ్లిన రోజు అది. దారి గతుకులకు జుట్టు చెదిరిపోతే యశోద అద్దం అడిగిన మాట నిజమే. ఒక్క ముద్ద చాలని మూడుసార్లు పెట్టించుకున్న మాటా నిజమే. పులుసులో ఉప్పు తగ్గిన మాట కూడా అంత నిజం. పాటలో అబద్ధం ఒక్కటి కూడా లేకపోవడమే ఆమెకు మరీ మంటగా ఉంది.

అయినా ఆ రోజు ఆమెకు కోపం రాలేదు. వియ్యపురాలు పాట కట్టి ఎకసక్కెం చేస్తే, చేయించుకున్నది లేచి అంతకు రెండింతలు తిప్పికొట్టాలి. అప్పుడు ఇద్దరూ నవ్వుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లంముక్క పెట్టుకోవాలి. వాళ్ల వాళ్లలో ఆ మర్యాద ఎప్పటి నుంచో ఉంది. యశోద లేచింది, తిప్పికొట్టింది. పందిరి ఊగిపోయేలా అందరూ నవ్వారు. జంపక్క ఆమె మెడ చుట్టూ చేతులేసి కన్నీళ్లొచ్చేలా నవ్వింది. అదేదీ ఫోనులో లేదు. ఫోనులో ఉన్నదల్లా తిని వంక పెట్టే ఓ తిండిపోతు ఆడది.

ఇంటికి వెళ్లేసరికి మొగుడు బొజ్జయ్య పశువుల కొట్టం పక్కన చెవుల్లో తీగలు పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. భార్యను చూసి ఫోను లుంగీలో దోపుకున్నాడు.

"నీకు ఎన్నడు తెలిసింది?" అంది యశోద.

"చెబ్దామనే అనుకున్న. నువ్వు కోపంల ఉంటివి."

"నేనెప్పుడు కోపంల ఉన్న?"

"చెప్పినంక ఉంటవు గద."

యశోద ఆ ఫోను లాక్కుని కొడుక్కి చేసింది. వెంకటేశ్వరరావు ఖమ్మంలో షేర్ ఆటో నడుపుతాడు. ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని పెళ్లాంతో ఉంటున్నాడు.

"అమ్మా, నా బండి ఎక్కినోళ్లంతా ఆ పాటే పెట్టుమంటున్నరు. ఆమె మా అమ్మే అని ఎవ్వరికీ చెప్పలే."

"ఎందుకు చెప్పవు? సిగ్గయితుందా?"

"చెప్తే చెప్పినవని తిడ్తవు, చెప్పకపోతే సిగ్గా అంటవు. నేనేం చెయ్యాలె?"

ఆ వీడియో పెట్టింది సాయికిరణ్ అట. కొడుకు స్నేహితుడే, పెళ్లి వీడియోలు తీస్తాడు. తన పనితనం నలుగురికీ తెలియడానికి ఒక ముక్క పెట్టాడట. నలుగురు కాస్తా రాష్ట్రమంతా అయింది. పక్క నుంచి సారమ్మ "అత్తమ్మా, మా అమ్మ..." అని ఏదో చెప్పబోతుంటే యశోద ఫోను పెట్టేసింది. వెంటనే జంపక్క నెంబరుకు చేసింది. అందుబాటులో లేరని వినిపించింది. సాయంత్రం చేసినా అదే జవాబు. పొద్దున చేసినా అదే.

"పేరొచ్చింది గద, ఇగ మనతోటి ఏం మాట్లాడుతది" అనుకుంది.

వారం తిరిగే లోపల ఆమె పేరు మారిపోయింది. సంతలో కూరగాయలమ్మే మనిషి "ఉప్పక్కా, వంకాయలు లేతయి" అని పిలిచాడు. ఆ ఆదివారం యశోద ఉతికిన చీర కట్టుకుని సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు బొజ్జయ్య.

"చర్లకు. ఎదురుగ నిలబడి అడిగొస్త. నీ ఫోను నేను తీస్కపోతున్న."

"ఫోను ఎందుకు?"

"నువ్వు ఇంట్ల కూసోని నవ్వకుండ."

దారి పొడుగునా ఆమె ఏమేం అనాలో మనసులో వరసగా పేర్చుకుంది. భద్రాచలంలో బస్సు మారినప్పుడు ఒకసారి, గోదారి పక్క నుంచి చర్ల వైపు పోతున్నప్పుడు ఇంకొకసారి మొత్తం అప్పజెప్పుకుంది. మాటలు మంచి పదును మీద ఉన్నాయి. చర్లలో దిగి, లోపలికి పోయే ఆటో ఎక్కింది. ఆ ఎర్రమట్టి దారిలో సగం దూరం పోయాక పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపారు. మీసాలు సరిగ్గా రాని కానిస్టేబులు ఒకడు సంచి విప్పమన్నాడు.

"ఎవరింటికి పోతున్నరు?"

"జంపక్క ఇంటికి."

"మీరు గూడ వీడియో తీస్కోనీకేనా?" అని తలెత్తి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మీరు ఆమె కదా."

"ఏ ఆమె?" అంది యశోద, వెనక్కి తగ్గకుండా.

అతను నవ్వలేదు. సంచి మూతి తనే కట్టి చేతికిచ్చాడు. "మా నాయన పోయినంక మా అమ్మ నవ్వింది లేదు. ఫోన్ చేస్తే అవ్, లేదు, అంతే. మొన్న ఈ పాట పంపిన. ఆమెనే తిరిగి ఫోన్ చేసింది. గిన్నె నాకి ఉప్పు లేదన్నదా అని ఒకటే నవ్వుడు. మిమ్మల్ని చూసిన అని చెప్తే నమ్మదు."

ఫోటో దిగుతారా అని అతను బిడియంగా అడిగాడు. యశోద కొంగు సర్దుకుని పక్కన నిలబడింది. మళ్లీ ఆటో ఎక్కాక చూసుకుంటే, పేర్చుకున్న మాటల్లో కొన్ని కనబడలేదు.

జంపక్క వాకిట్లో నూనె తీసే విప్పపలుకులు ఎండబోస్తోంది. యశోదను చూసి చేట పక్కన పడేసి పరుగున వచ్చింది. "వదినా, గింత దూరం ఒక్కదానివే వచ్చినవా? కబురన్న పెట్టకపోతివి" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాళ్లకు నీళ్లిచ్చింది. అడిగే సందు కూడా ఇవ్వకుండా కంచం పెట్టి అన్నం, కోడిపులుసు వడ్డించింది. ముందు తిని తర్వాత అడుగుదామని యశోద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మరుక్షణం నీళ్ల చెంబు ఎత్తి గటగటా తాగింది.

"ఏంది వదినా ఇది? సముద్రం నీళ్లతోటి వండినవా?"

జంపక్క నడుం విరిగినట్టు కూలబడింది. "ఇగ నేనేం చెయ్యాలె చెప్పు. వచ్చినోడల్లా ఉప్పు లేదనవట్టె."

"ఎవరొస్తున్నరు?"

"ఎవరో మరి. బండ్ల మీద వస్తరు. అక్కా, ఇంత అన్నం పెట్టు అంటరు. కాదంటమా? ఫోను ఎదురుంగ నిలబెట్టుకుని తింటరు. గిన్నె ఊడ్చినంక మెడ గిట్ల వంచి ఉప్పు లేదని పోతరు. బిడ్డ పెళ్లి చేసినంక నా చెయ్యి తప్పిందేమో అనుకున్న. దినాం కొంచెం ఎక్కువేస్కుంట వచ్చిన. ఎంతేసినా గదే మాట. మొన్న ఒకడు తింటుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయి, అయినా ఉప్పు లేదనే పోయిండు."

యశోదకు నవ్వు పొట్టలో పుట్టి ముక్కు దాకా వచ్చింది. పులుసు ఘాటుకు పొలమారింది. దగ్గుతూ, నవ్వుతూ, మళ్లీ దగ్గుతూ గోడకు ఆనుకుంది. జంపక్క ఆమె తల తడుతూ, "ఏమైందే వదినా, ఎందుకు నవ్వుతున్నవు" అని అడుగుతూనే ఉంది.

జంపక్కకు ఏమీ తెలియదు. క్యాంపు దగ్గర టవర్ ఉంది కానీ ఆ గాలి గూడెం దాకా రాదు. పెళ్లిలో ఇచ్చిన ఫోను దూలానికి వేలాడుతోంది. ఊరూరా జనం ఆమె గొంతుకు ఆడుతుంటే, ఆ గొంతు ఉన్న మనిషి ఇక్కడ కూర్చుని కూరలో ఉప్పు పెంచుకుంటోంది.

బొజ్జయ్య ఫోనులో ఆ పాట దాచి ఉంది. యశోద తీసి చూపించింది. జంపక్క మొదట తన పళ్లు చూసుకుని ఉలిక్కిపడింది. "నా గొంతు గిట్లుంటదా" అని రెండోసారి పెట్టించుకుంది. మూడోసారికి తనూ కలిపి పాడింది. అది ఆగిపోయాక ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి నీ పాటేది?"

"లేదు."

"లేదంటే? నువ్వు పాడితివి గద. నేను పడీ పడీ నవ్వితి. అదేది?"

"అది పెట్టలే వదినా. నీది ఒక్కటే పెట్టిండ్రు."

జంపక్క మొహంలో నవ్వు పోయింది. ఎదుటి మనిషిని పాటలో కడిగి, జవాబు వినకుండా లేచిపోవడమంటే వాళ్లలో పాడినదానికే తలవంపు. "అంటే లోకమంత ఏమనుకుంటుంది? జంపక్క వియ్యపురాల్ని తిట్టి, నోరు తెరవనియ్యకుండ పంపింది అనుకుంటది. మా అమ్మ బతికుంటే నన్ను గడప తొక్కనియ్యకపోయేది. ఎవడు వాడు కోసింది? ఏడుంటడు?"

"ఖమ్మంల."

"పొద్దుగాలనే పోదాం. నువ్వు ముందు ఆ పులుసు పక్కకు పెట్టు, మజ్జిగ పోస్త."

తగవు పెట్టుకోవడానికి వచ్చిన యశోదకు ఆ పూట వియ్యపురాలి కోపం చల్లార్చడంతోనే సరిపోయింది.

మర్నాడు ఖమ్మంలో దిగేసరికి, చర్ల నుంచి యశోద చేసిన ఫోనుకు వెంకటేశ్వరరావు ఆటోతో వచ్చి నిలబడ్డాడు. తల్లీ అత్తా కలిసి రావడం చూసి ఎవరి వైపు మాట్లాడాలో తేలక హ్యాండిల్ తుడుస్తూ ఉండిపోయాడు. వెనక సీట్లో సారమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. "నేను గదే చెప్పబోయిన అత్తమ్మా, మా అమ్మకు ఏం తెల్వదని. మీరు ఫోను కట్ చేస్తిరి."

సాయికిరణ్ గది ఖానాపురం హవేలిలోనే, ఒక మేడ మీద. జంపక్కను చూసి అతను కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "పెద్దమ్మా, నీకోసమే చూస్తున్న. నీ ఇంటర్వ్యూ కోసం ఎంతమంది అడుగుతున్నరో..."

"గవన్ని తర్వాత బిడ్డా. మా వదిన పాటేది?"

అతను తల గోక్కున్నాడు. నిమిషం దాటితే ఎవరూ చూడరని చిన్న ముక్క పెట్టానన్నాడు. మిగతాది ఉండాలని కంప్యూటర్లో వెతికాడు. దొరికింది. కానీ యశోద లేచి పాడే సమయానికి అతను డ్రోన్ ఎగరేస్తున్నాడు. పందిరి, చెట్లు, దూరంగా వాగు చాలా అందంగా వచ్చాయి. యశోద గురివింద గింజంత కనబడింది. పాట బదులు డ్రోన్ చేసే తుమ్మెద రొద.

"తప్పయింది అమ్మా" అన్నాడు యశోదతో, నిజంగానే నొచ్చుకుని. "అది పాట అయిపోయినట్టే అనుకున్న. ఇంకో సగం ఉంటదని నాకు తెల్వదు. ఇప్పుడు పాడండి, ఇక్కడనే తీస్త."

నీలం తెర ముందు రెండు స్టూళ్లు వేసి, గుండ్రటి దీపం వెలిగించాడు. జంపక్క మొదలుపెట్టింది, రెండు వరసలకే ఆపింది. యశోద గొంతు సవరించుకుంది, అసలు మొదలే పెట్టలేదు. ఆ దీపం తన మొహంలోకి చూస్తుంటే దవాఖానాలో కూర్చున్నట్టు ఉందంది.

"నవ్వేటోళ్లు లేకుంటే ఎకసక్కెం ఎట్ల ఆడుతం?" అంది జంపక్క స్టూలు దిగుతూ. "ఇంత మందిని చూపియ్యి, పాడుతం."

జనం కావాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. సాయంత్రమైంది. కింద ఆటో స్టాండులో ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు, కోచింగ్ పిల్లలు గుంపుగా ఉన్నారు. వెంకటేశ్వరరావు తన ఆటో అడ్డంగా నిలిపి, మొదటిసారి గొంతెత్తి, "ఈమె మా అత్త. ఈమె మా అమ్మ. ఉప్పు లేదన్నది మా అమ్మనే" అన్నాడు.

ఒక్క నిమిషంలో చుట్టూ మూగారు. ఫోన్లు లేచాయి. జంపక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎత్తుకుంది. రెండో వరస నుంచీ జనం అందుకున్నారు. అందరికీ నోటికి వచ్చు. చివరికి వచ్చేసరికి స్టాండంతా ఒకే గొంతుతో, చప్పట్లతో, "ఉప్పు లేదు అన్నదమ్మ వియ్యపురాలు" అని యశోద వైపు తిరిగింది.

యశోద చుట్టూ చూసింది. తెలియని మొహాలు, అన్నీ తన మీదే. గూడెంలో నవ్విన పిల్లలు, సంతలో పిలిచిన మనిషి అందరూ గుర్తొచ్చారు. జంపక్క ఆమెను చూసి, పాట ఆపి, చెయ్యి ముందుకు చాపింది, ఇక నీ వంతు అన్నట్టు. ఆ గుంపులో ఎవరికీ తెలియదు, తర్వాత ఏదో ఉంటుందని. కొందరు వెళ్లిపోవడానికి సంచులు ఎత్తుకుంటున్నారు కూడా.

యశోద కొంగు నడుముకు చుట్టింది.

*ఉప్పు వేసే చెయ్యి ఏది వియ్యపురాలా*
*ఊరి మీద ధ్యాసాయె వియ్యపురాలా*
*కోడినేమో కోస్తివమ్మ వియ్యపురాలా*
*కూత నువ్వే కూస్తివమ్మ వియ్యపురాలా*

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్టాండు పేలినట్టు నవ్వింది. సంచులెత్తుకున్నవాళ్లు వెనక్కి వచ్చారు. "అట్ల చెప్పు అక్కా" అని ఎవరో ఆడమనిషి అరిచింది. జంపక్క ఊరుకుంటుందా, ఇంకొకటి కట్టింది. యశోద దానికీ జవాబు చెప్పింది. చూస్తుండగానే గుంపు రెండుగా చీలింది. అటువాళ్లు పిల్లవైపు, ఇటువాళ్లు పిల్లగాడివైపు. బ్యాంకు బ్యాడ్జీ మెడలో ఉన్న ఒకాయన ఏ వైపో తేల్చుకోలేక సారమ్మనే అడిగాడు. వెనక ఆగిన ఆటోలవాళ్లు హారన్ కొట్టి, కొట్టి, చివరికి దిగి వచ్చి పాటకు తాళం వేశారు.

యశోదకు ఊపు వచ్చింది. ఇక వియ్యపురాలిని వదిలి, చుట్టూ ఉన్న ఫోన్ల వైపు తిరిగింది.

*ఫోను పట్టి నవ్విరమ్మ పట్నపు జనము*
*పొయ్యి మీద మాడె చూడు వాళ్లింటి కూరలు*

ఆ మాటకు నవ్వినంతగా జనం దేనికీ నవ్వలేదు. ఒకావిడ నిజంగానే నాలుక కరుచుకుని, ఆటో కోసం చూడకుండా ఇంటివైపు గబగబా నడిచింది. జంపక్క నవ్వలేక కూర్చుండిపోయి, సారమ్మ అందించిన బెల్లంముక్క యశోద నోట్లో కుక్కింది. ఈసారి సాయికిరణ్ డ్రోన్ జోలికి పోలేదు. కళ్లు తుడుచుకుంటూనే చెయ్యి కదలకుండా మొత్తం తీశాడు.

ముక్కలు చెయ్యకుండా పెట్టమని జంపక్క ఒట్టు వేయించుకుంది. అంత పొడుగు ఎవరు చూస్తారని అతను దిగులుపడ్డాడు. చూశారు. మొదటి దానంత మంది చూడలేదు గానీ, చూసినవాళ్లు ఊరికే పోలేదు. మణుగూరు నుంచి ఒక వియ్యపురాలు తన వియ్యపురాలి మీద పాట కట్టి పంపింది. రెండు రోజులకు అవతలామె జవాబు వచ్చింది. మధిరలో అత్తాకోడళ్లు మొదలుపెట్టారు. పెళ్లిపాటలను తెచ్చి రోడ్డున పడేశారని ఒకాయన కోపంగా రాస్తే, దాని కింద ఎవరో "మీ వియ్యపురాలి నెంబరు ఇవ్వండి సార్, ఆమెతో చెప్పిస్తాం" అని రాశారు. ఎవరో డప్పులు, బీట్లు కలిపి డీజే పాట కూడా చేశారు. జంపక్కకు అది బొత్తిగా నచ్చలేదు. యశోదకు నచ్చింది. ఆ మాట వదినకు చెప్పలేదు, పుల్లమ్మకు మాత్రమే చెప్పింది. కాబట్టి అందరికీ తెలిసింది.

మాఘమాసంలో సత్తుపల్లి నుంచి పిలుపొచ్చింది. ప్రమీలారాణి అని, పామాయిల్ తోటలున్న ఆసామి కుటుంబం. కూతురి పెళ్లిలో జంపక్క వచ్చి పాడాలంది. తాను ఒక్కతే పాడితే అది తిట్టు అవుతుందని, పాట కావాలంటే ఇద్దరూ రావాలని జంపక్క ఖరాఖండిగా చెప్పించింది. ఇద్దరూ వెళ్లారు. వెనక బొజ్జయ్య కూడా వెళ్లాడు, కొత్త తలపాగాతో, పిలవకపోయినా.

ఫంక్షన్ హాలు పెద్దది. పూలు, దీపాలు, మంచెంత ఎత్తున డీజే పెట్టెలు. పెళ్లికొడుకు తల్లి రాజమండ్రి వైపు మనిషి, కళ్లద్దాల వెనక నుంచి అందరినీ కొలుస్తున్నట్టు బిగుసుకుని కూర్చుంది. ప్రమీలారాణి ఆమె ముందు కాఫీ పెట్టించడానికే భయపడుతోంది. రెండు కుటుంబాలూ రెండు వైపులా కుర్చీల్లో, ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు.

జంపక్క, యశోద మధ్యలో నిలబడి ఒకరినొకరు కడిగేసుకున్నారు. ఫోన్లు కిందికి దిగాయి. నవ్వులు మొదలయ్యాయి. బిగుసుకున్నావిడ పెదవి కూడా కొంచెం వంగింది. పాట అయ్యాక జంపక్క దండం పెట్టి పక్కకు రాబోతుంటే, ప్రమీలారాణి ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచింది. పట్టుచీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, ఎర్రబడ్డ మొహంతో, సన్నటి గొంతుతో మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పాడేదట. పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పాడలేదు. సగం మాటలు మర్చిపోయింది, మర్చిపోయిన చోట వియ్యపురాలి కళ్లద్దాలను పెట్టి పూరించింది.

కళ్లద్దాలావిడ మెల్లిగా అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఏవిటి వదినగారూ, పిల్లనిచ్చామని ఏదైనా అనేయొచ్చా?" అని లేచి నిలబడింది. వెనక వరసలో ఉన్న తన చెల్లెలి వైపు తిరిగి, "ఏవే, చూస్తూ కూర్చున్నావు? ఆ గుమ్మడికాయ పాట ఎలా మొదలవుద్దో అందించు" అంది.

చెల్లెలు అందించింది. డీజే కుర్రాడు బటన్ మీద వేలు పెట్టి, ఎప్పుడు నొక్కాలో తెలియక వాళ్లవైపే చూస్తున్నాడు. బంతి లేచిందని, భోజనానికి రమ్మని ఎవరో వచ్చి పిలిచారు. జంపక్క వినిపించుకోలేదు. యశోద తన ముందు నిలబడ్డ పొడుగాటాయన భుజం తట్టి, "కొంచెం పక్కకు జరుగు నాయనా, ఆమె మొహం కనపడ్తలేదు" అంది.